వాన అడవిలో దోనె విచ్చుకున్న రోజు

వాల్టర్ గారు నాకు పెట్టిన షరతు ఒక్కటే. ఇంటికి వెళ్లాక ఎవరికి ఏం చెప్పుకున్నా, ఏం రాసుకున్నా ఊరి పేరు మాత్రం బయటపెట్టవద్దన్నారు. పేరు తెలిస్తే టూరిస్టు బస్సులు వస్తాయట. బస్సు దిగినవాళ్లు మొదట బాత్రూమ్ ఎక్కడని అడుగుతారట, ఆ తరువాత ఇండియన్లు, అంటే అమెరికా ఆదివాసులు, ఎక్కడని అడుగుతారట. "మొదటిది చూపిస్తాం. రెండోది అడిగితే మా చెల్లెలు సముద్రం వైపు చెయ్యి చూపిస్తుంది" అని ఆయన నవ్వారు.

అందుకని పేరు రాయను. వాషింగ్టన్ రాష్ట్రంలో, పసిఫిక్ సముద్రానికీ మంచు కొండలకీ నడుమ, ఏడాదిలో ఎక్కువ భాగం వానలో నానే ఒక పెద్ద అడవి ఉంది. ఆ అడవిలోంచి వచ్చే ఏరు సముద్రంలో కలిసేచోట ఒక చిన్న ఊరు. అక్కడివాళ్లు తెల్లవాళ్లు రాకముందు నుంచీ అక్కడే ఉన్నారు. ఎనభైల మధ్యలో ఒక ఆగస్టు నెలలో నేనూ మా ఆవిడ సుగుణా అక్కడికి వెళ్లి వచ్చాం. మనవాళ్లలో నయాగరా చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇది చూసినవాళ్లు తక్కువ కనుక చెబుతున్నాను.

సన్నీవేల్‌లో బయల్దేరి

అప్పట్లో మేం కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాది ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. సుగుణ ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. అదే హాస్పిటల్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సు లియోనా. నలభై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. సుగుణకి డ్రైవింగ్ నేర్పింది ఆమే. నేను నేర్పబోతే మా కాపురం కూలేలా ఉందని గ్రహించి తనే ముందుకొచ్చింది. అలా కలిసిన స్నేహం.

లియోనా పుట్టింది నేను చెప్పిన ఊళ్లోనే. చిన్నప్పుడే బోర్డింగ్ స్కూలుకి పంపేశారు. అటునుంచి అటే నర్సింగు, ఉద్యోగం, ఒక పెళ్లి, ఒక విడాకులు. ఇంటికి వెళ్లి చాలా ఏళ్లయింది. తండ్రితో తగాదా అంటూ ఏమీ లేదు. మాటలే లేవు. ఆ వేసవిలో ఆమె మేనత్త ఫోన్ చేసి, మీ నాన్న రెండేళ్లుగా చెక్కుతున్న దోనెని ఆగస్టులో తెరుస్తున్నాడు, వస్తే బాగుంటుంది అని చెప్పింది. దోనె అంటే ఒకే చెట్టు మానుని తొలిచి చేసే పడవ.

"మీరిద్దరూ నాతో వస్తారా?" అని లియోనా అడిగింది. "నేను ఒక్కదాన్నే బయల్దేరితే సగం దారిలో వెనక్కి తిరిగేస్తాను. మీరు కార్‌లో ఉంటే సిగ్గుకైనా వెళ్తాను."

"మేం ఎవరమని వెళ్తాం? వాళ్లేమైనా అనుకోరూ?" అంది సుగుణ.

"అత్తని అడిగాను. పని చేసేవాళ్లయితే తీసుకురమ్మంది."

ఆ జవాబు నాకు నచ్చింది. లీవ్ పెట్టి, మా పాత స్టేషన్ వాగన్‌లో బయల్దేరాం. సుగుణ ఒక పెద్ద డబ్బా పులిహోర, చింతపండు, కారం, ధనియాల పొడి సర్దింది. అమెరికాలో అడవికి వెళ్లేవాళ్లు టెంటు సర్దుకుంటారు. మేం చింతపండు సర్దుకున్నాం.

ఆరెగాన్ మీదుగా

గ్యాలన్ పెట్రోలు డాలరు పైచిలుకు ఉన్న రోజులు. రాత్రికి దిగిన మోటెల్‌లో రూముకి ఇరవై నాలుగు డాలర్లు తీసుకున్నారు. రూము నిండా సిగరెట్ కంపు. పొద్దున్నే లియోనా పులిహోర తిని, ఇందులో వేరుశనగలు ఇంకా వేయవచ్చంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆమె మాటలు తగ్గాయి. మొదటి రోజు వెనక సీట్‌లో కూర్చుని హాస్పిటల్ డాక్టర్లందరినీ అనుకరించి మమ్మల్ని నవ్వించిన మనిషి, రెండో రోజు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆబర్డీన్ బజారు

అడవికి ముందు ఆఖరి పెద్ద ఊరు ఆబర్డీన్. అంతటా రంపపు మిల్లులు. తడిసిన రంపపు పొట్టు వాసన. కొనవలసినవి అక్కడే కొనుక్కోవాలి. నేను ఒక పూలగుత్తి పట్టుకుంటే లియోనా దాన్ని తీసి మళ్లీ బకెట్‌లో పెట్టేసింది.

"మా ఊళ్లో పూలు తినరు. కాఫీ పొడి, పంచదార, నారింజపళ్లు తీసుకోండి. పెద్ద డబ్బాలు."

ఆ మాట వినగానే నాకు మా నర్సాపురం గుర్తొచ్చింది. మా నాయనమ్మా అంతే. ఎవరింటికైనా వెళ్తుంటే చేతిలో ఏముందో చూసేది. అరటిపళ్ల గెల అయితే సరే, గాజుబొమ్మ అయితే మొహం చిట్లించేది.

ఊరు దాటాక ఎదురయ్యే ప్రతి లారీ మీదా కొట్టేసిన చెట్లే. ఒక్కో లారీ మీద మూడు నాలుగు మానులు. ఒకదాని మీద మాత్రం ఒక్కటే మాను, లారీ నిండిపోయింది. రోడ్డుకి రెండువైపులా కొండలకి కొండలే నరికేశారు. కోత కోసిన చేలో కొయ్యకాళ్లలా మొద్దులు మిగిలాయి. లియోనా అప్పుడు నోరు విప్పింది. తన చిన్నప్పుడు ఈ రోడ్డు మీద పగలు కూడా లైట్లు వేసుకుని వెళ్లేవాళ్లట, అంత చీకటిగా ఉండేదట.

నరకని అడవి

ఆ చీకటి కొంత దూరం వెళ్లాక దొరికింది. కొట్టకుండా వదిలేసిన అడవిలోకి రోడ్డు దూరింది. నేను కారు ఆపేశాను. అలాంటి పచ్చదనం కోనసీమలో కూడా చూడలేదు. మనకి పచ్చదనం నేల మీద ఉంటుంది. అక్కడ నేల మీద, మాను మీద, కొమ్మ మీద, గాలిలో కూడా ఉంది. ప్రతి కొమ్మకీ గడ్డంలా నాచు వేలాడుతోంది. పడిపోయిన ఒక ముసలి మాను వీపు మీద పిల్ల చెట్లు వరసగా మొలిచి, తొక్కుడుబిళ్ల ఆటలో నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయి. వాన పడుతోందా అంటే పడుతోంది, కానీ చప్పుడు లేదు. ఎప్పుడో పైన పడిన చినుకు ఆకు నుంచి ఆకుకి జారి ఇప్పుడు మన మెడ మీదికి వస్తుంది.

సుగుణ తలెత్తి చూస్తూ, "దేవుడి మందిరంలా ఉందండీ" అంది. ఆమె మెల్లగా మాట్లాడడం అరుదు.

ఎథెల్ వంటిల్లు

ఊరంటే ఒక చిన్న రోడ్డు, చెక్క ఇళ్లు, తెల్ల చర్చి, పోస్టాఫీసు, ఏటి ఒడ్డున బోట్లు. లియోనా తండ్రి వాల్టర్ గారు ఇంటి ముందే ఉన్నారు. డెబ్బై దాటినా భుజాలు వంగలేదు. చొక్కా నిండా చెక్కపొట్టు. లియోనా కారు దిగింది. అమెరికా కదా, కౌగిలించుకుంటారనుకున్నాను. ఇద్దరూ రెండు బారల దూరంలో నిలబడ్డారు.

"తిన్నావా?" అన్నారు ఆయన.

"తిన్నాను."

ఆయన తల ఊపి, మా ఇద్దరితో చేతులు కలిపి, వెనక షెడ్డులోకి వెళ్లిపోయారు. సుగుణ నా వైపు చూసింది. మన ఇళ్లల్లో తండ్రులు మాట్లాడేదీ అంతేగా అని ఆ చూపుకి అర్థం.

ఎథెల్ వాల్టర్ గారి చెల్లెలు, లియోనాకి ఫోన్ చేసిన మేనత్త. గుండ్రటి మనిషి, నోరూ చెయ్యీ ఆగవు. కాఫీ డబ్బాలు, నారింజపళ్లు చూసి, "లియోనా మా పద్ధతి మరిచిపోలేదు" అంది. నేను కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చున్నాను. ఎథెల్ చేతిలో గరిటె ఆగింది. అది ఊళ్లోకెల్లా పెద్దావిడ కుర్చీయట. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను ఉలిక్కిపడి లేచేసరికి కాఫీ నా ప్యాంటు మీద పడింది. పెద్దావిడ తీరిగ్గా వచ్చి కూర్చుని, వాళ్ల భాషలో ఏదో అంది. అందరూ పగలబడి నవ్వారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"వెచ్చగా చేసిపెట్టావు, మంచిది అంటోంది" అని చెప్పింది ఎథెల్.

భోజనానికి ముందు ఎథెల్ ప్రార్థన చేసింది. మాటలు ఒక్కటీ తెలియలేదు గానీ ప్రభువు పేరు వచ్చినచోట సుగుణా నేనూ ఆమెన్ అన్నాం. ఆ రోజు సాల్మన్ చేపల పులుసులాంటిది వండారు, బంగాళాదుంపలు వేసి. ముందు పెద్దవాళ్లకి వడ్డించారు. ఆ తరువాత ఎథెల్ ఒక చేప తలకాయ తీసి నా పళ్లెంలో పెట్టి, తింటాడా పారేస్తాడా అన్నట్టు చూసింది. అమెరికా వచ్చాక షాపులో తల ఉన్న చేపే చూడలేదు నేను. మా గోదావరి వైపు తలకాయ అల్లుడికి పెడతారు. బుగ్గల దగ్గర మాంసంతో మొదలుపెట్టి, కళ్లతో సహా ఎముకలు తేలేవరకు జుర్రుకు తిన్నాను. ఎథెల్ ఇంకో తలకాయ వేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో మాకు పరాయితనం లేదు.

షెడ్డులో దోనె

మర్నాడు వాల్టర్ గారు షెడ్డు చూపించారు. సుగుణ కెమెరా బయటికి తీయబోయి, ఆగి, "ఫోటో తీసుకోవచ్చా?" అని అడిగింది.

"ఈరోజు తీసుకోండి. రేపు వద్దు. రేపు అది పుట్టబోతుంది" అన్నారు.

సెడార్ చెట్టు ఒక్క మానుతో తొలిచిన దోనె. మా కారు లాంటివి మూడు వరసగా పెట్టినంత పొడవు. ఎర్రటి కర్ర, దాని వాసనకి షెడ్డంతా చల్లగా అనిపించింది. నా చిన్నప్పుడు మా వైపు తాటిదోనెలు ఉండేవి. తాటి మొద్దుని నిలువునా చీల్చి తొలిస్తే అయిపోయేది, కాలవ దాటడానికి చాలు. ఆయనకి ఆ సంగతి చెబితే, "మీవి సముద్రంలోకి వెళ్తాయా?" అని అడిగారు. వెళ్లవన్నాను. "అయితే మీకు తెరవక్కర్లేదు" అని, విషయం వివరించారు.

మానుని తొలిస్తే దోనె ఇరుకుగా వస్తుంది. ఇరుకు దోనె సముద్రపు అల మీద దొర్లిపోతుంది. అందుకని అందులో నీళ్లు పోసి, నిప్పులో కాల్చిన రాళ్లు వేసి మరిగిస్తారు. కర్ర మెత్తబడ్డాక అడ్డకర్రలు బిగించి పక్కల్ని కొంచెం కొంచెంగా బయటికి తోస్తారు. దాన్నే తెరవడం అంటారు. చల్లారాక ఆ ఆకారం నిలిచిపోతుంది. తొందరపడితే చీలిపోతుంది. ఇంకో మాను తెద్దామంటే అంత లావు చెట్లు ఇప్పుడు ఎక్కడో గానీ లేవు. ఆ ఒక్కటి దొరకడానికే ఆయన కలప కంపెనీ వాళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారట.

"మీరు ఇదివరకు ఎన్ని తెరిచారు?" అని అడిగాను.

"ఒక్కటీ లేదు. మా తాత తెరుస్తుంటే చూశాను. అప్పుడు నాకు ఏడేళ్లు. తరువాత ఈ ఊళ్లో ఎవరూ తెరవలేదు."

ఎథెల్ గుమ్మంలోంచి అందుకుంది. "చూశానంటాడు. సగం చూసి నిద్రపోయాడు. నీళ్లు మోసింది నేను. సముద్రపు నీళ్లు."

"ఏటి నీళ్లు" అన్నారు వాల్టర్ గారు.

"ఉప్పు నీళ్లు. నా చేతి మీద పుండు మండింది. నాకు గుర్తులేదా?"

"ఏటి నీళ్లే, ఎథెల్."

డెబ్బై ఏళ్లవాళ్లు ఇద్దరూ చిన్నపిల్లల్లా పోట్లాడుకున్నారు. మేం నవ్వాపుకున్నాం. లియోనా మాత్రం నవ్వలేదు. దోనె తెరవడం గురించి ఆ ఊరికి మిగిలిన జ్ఞాపకమంతా వాళ్లిద్దరిదేనని అప్పుడు నాకు తట్టింది. చివరికి సగం అవీ సగం ఇవీ పోయాలని రాజీపడ్డారు. ఆ సాయంత్రమంతా నేనూ, వాల్టర్ గారి మేనల్లుడు రే కలిసి బకెట్లు మోశాం. సముద్రపు ఒడ్డున బురదలో నా కుడి బూటు దిగబడిపోయింది. కాలు వచ్చింది, బూటు రాలేదు. రే తన పాత రబ్బరు బూట్లు ఇచ్చాడు.

రాళ్లు, ఆవిరి

తెల్లవారకముందే మంట వేశారు. ఏటి నుంచి ఏరి తెచ్చిన రాళ్లు ఎర్రగా కాలుతున్నాయి. ఊరంతా అక్కడే ఉంది. సన్నటి వానలో ఎవరూ గొడుగు వేసుకోలేదు. వాల్టర్ గారు దోనె మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పాట పాడారు.

"ఏవండీ, మనం ఇక్కడ నిలబడొచ్చా?" అని సుగుణ నా చెవిలో అడిగింది. ఆమెది పాస్టర్ గారి కుటుంబం.

"మా మావయ్య పడవ దింపినప్పుడు పాస్టర్ గారు ప్రార్థన చేశారు, పక్కవాళ్లు కొబ్బరికాయ కొట్టారు. అందరం నిలబడ్డాం కదా. పడవ అందరిదీను" అన్నాను. ఆమె తలమీద చెంగు సర్దుకుని నిలబడింది.

పారలతో రాళ్లు ఎత్తి నీళ్లలో వేశారు. బుస్సుమని ఆవిరి లేచింది. పైన చాపలూ టార్పాలిన్‌లూ కప్పారు. రాయి చల్లారితే తీయడం, కాలింది వేయడం. నేను కట్టెలు అందించాను. సుగుణ, లియోనా దోనె బయటి వైపు తడుపుతూ ఉన్నారు. చాలాసేపటికి వాల్టర్ గారు అంచుని బొటనవేలితో నొక్కి చూసి, అడ్డకర్ర తెమ్మన్నారు. రే ఒక పక్కనుంచి చెక్కసుత్తితో మెల్లగా కొట్టాడు. నా కళ్ల ముందే ఆ కర్ర వంగింది. పక్కలు పువ్వు రేకుల్లా విచ్చుకున్నాయి. ముందు కొస, వెనక కొస పైకి లేచాయి. అప్పటివరకూ తొట్టిలా ఉన్నది పడవ అయింది. పెద్దావిడ తన కుర్చీలోంచి గట్టిగా ఏదో అరిచింది, అందరూ బదులు పలికారు.

ఇంకో అడ్డకర్ర వేశారు, ఆ తరువాత ఇంకోటి. నాలుగోది కొడుతుండగా తుపాకీ పేలినట్టు చప్పుడైంది.

వెనక వైపు పక్కన మూరెడు పగులు. నీళ్లు సన్నగా చిమ్మాయి. రే చేతిలోంచి సుత్తి జారిపోయింది. అందరికంటే ముందు కదిలింది లియోనా. నెత్తురు కారేచోట నొక్కినట్టు రెండు అరచేతులూ పగులు మీద పెట్టి, ఒళ్లంతా మోపి నొక్కింది.

"తాడు తెండి!" అని అరిచింది. "నాన్నా, ఆపకు! వేడి తగ్గిపోతుంది!"

వాల్టర్ గారు ఒక్క క్షణం కూతురి వైపు చూశారు. తరువాత రే వైపు తిరిగి, నెమ్మదిగా, "సుత్తి తీసుకో బాబూ. ఇంకా రెండు కర్రలున్నాయి" అన్నారు.

తాడు చుట్టి బిగించేవరకూ లియోనా చేతులు తీయలేదు. మిగిలిన రెండు కర్రలూ వేశారు. పగులు ఇంకో బెత్తెడు పెరిగి ఆగిపోయింది. దోనె తెరుచుకుంది.

పులుసు పెట్టిన పూట

సాయంత్రం అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. రే ఇంటి వెనక ఒక్కడే కూర్చున్నాడు. సుగుణకి ఏం చేయాలో తోచక, తనకి వచ్చిన పని చేసింది. ఎథెల్‌ని అడిగి పెద్ద గిన్నె తీసుకుని, సాల్మన్ తలకాయలతో చేపల పులుసు పెట్టింది. కారం తగ్గించానని ఆమె నమ్మకం. పెద్దావిడ మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుంది. మేం కంగారుపడి నీళ్లు ఇస్తే తోసేసి, మళ్లీ తింది. "పొద్దుట్నుంచి ఏడుద్దామనుకుంటున్నాను. ఇప్పటికి వీలు దొరికింది" అందట. ఆ మాటకి రే కూడా లోపలికి వచ్చి పళ్లెం తీసుకున్నాడు.

వాల్టర్ గారు అతని పక్కనే కూర్చున్నారు. "నీ దెబ్బ కాదు. ఆ పగులు చెట్టులోనే ఉంది, నేను పుట్టకముందు నుంచి. మనకి కనపడింది ఈరోజు" అన్నారు. ఆ తరువాత అరచేతులు చూసుకుంటూ, "మా తాత దోనెకి రెండు కుట్లు ఉండేవి. స్ప్రూస్ చెట్టు వేళ్లతో కుట్టేవాళ్లు. నా చేతులకి ఇప్పుడు అంత సన్నపని రాదు" అన్నారు.

అరుగు మీద కూర్చున్న లియోనా తలెత్తింది. చేతులు ఆవిరికి ఎర్రబడి ఉన్నాయి.

"ఇన్నేళ్లుగా కుట్టేవాళ్లకి దారం అందిస్తున్నాను. ఒక్కసారి కూడా కుట్టలేదు. నేను చూస్తాను" అంది.

"వేళ్లు తవ్వి తేవాలి. చీల్చాలి. నానబెట్టాలి. ఒక్క రోజులో అయ్యేది కాదు" అన్నారు ఆయన.

"ఎథెల్ అత్తకి ఎక్కడ తవ్వాలో తెలుసా?"

"నాకు తెలీదా?" అని ఎథెల్ అప్పుడే లేచి బూట్లు వెతుక్కుంది.

వెనక సీటు

మర్నాడు మేం బయల్దేరాలి. సామాను కార్‌లో పెట్టాం. లియోనా సంచి రాలేదు. ఆమె మాత్రం వచ్చింది, గోళ్ల నిండా మట్టితో.

"సుగుణా, నా సూపర్‌వైజర్‌కి చెప్పు. ఇంట్లో ఒక ఆపరేషన్ ఉందని చెప్పు. అబద్ధం కాదుగా."

"ఎప్పుడొస్తావని చెప్పను?"

"కుట్టు పూర్తయ్యాక."

వాల్టర్ గారు పొగలో ఎండబెట్టిన చేపల పెట్టె తెచ్చి వెనక సీట్‌లో, లియోనా కూర్చునే చోట పెట్టారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "చూసినదంతా చెప్పు. పగులు కూడా చెప్పు" అన్నారు. ఊరి పేరు సంగతి కూడా అప్పుడే అన్నారు. ఆరెగాన్ దాటేవరకూ కార్‌లో పొగ వాసనే.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఫోను మోగుతోంది. సుగుణ ఎత్తింది. నేను పక్కనే చెవి ఆనించి నిలబడ్డాను.

"నీళ్లలోకి దింపాం. కుట్టు దగ్గర ఒక్క చుక్క రాలేదు. ఇంకోచోట కారింది, దాని సంగతి తరువాత చూస్తాం" అంది లియోనా. "నాన్న ముందు కూర్చున్నాడు. అత్త మధ్యలో కూర్చుని చలి అని గోల. నాన్న నన్ను వెనక కూర్చోమన్నాడు సుగుణా. వెనక కూర్చున్నవాళ్లే దోనెని తిప్పేది. ఏటి మొగలో అల వచ్చింది. ఎటు తిప్పాలో చెప్తాడని చూశాను. ఆయన వెనక్కి తిరగనే లేదు. నేనే తిప్పాను."

సుగుణ కళ్లు తుడుచుకుని, "మరి ఎప్పుడొస్తున్నావు?" అని అడిగింది.

"వచ్చే వారం వస్తాను. అక్కడి ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దుకోవాలి."

"అట్టపెట్టెలు నేను తెస్తానులే. మా ల్యాబ్‌లో బోలెడన్ని ఉంటాయి" అంది సుగుణ, మామూలు గొంతుతోనే. ఫోను పెట్టేశాక మాత్రం, చర్చికి కట్టుకున్న పట్టుచీర కూడా మార్చుకోకుండా, ఫోను పక్కనున్న కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయింది.